పక్కసీటు

మా ఇంట్లో కార్ల ఆట ఆడుకునే పెట్టె ఒకటుంది. ఒకప్పుడు పట్నాల్లో బిళ్ల వేసి ఆడే వీడియో గేముల దుకాణాల్లో ఉండేలాంటిదే. కరీంనగర్‌లో మా వీధి వడ్లాయన ప్లైవుడ్‌తో చేసిచ్చాడు. పైన పాత మానిటర్, మధ్యలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న స్టీరింగు, కింద రెండు పెడళ్లు, వెనక మా అబ్బాయి వాడి వదిలేసిన కంప్యూటరు. 1997లో మొదలైన ‘మేమ్’ అనే ప్రోగ్రాం పాత ఆర్కేడ్ ఆటల్ని అందులో ఇంకా బతికిస్తోంది. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ తెలుగు లెక్చరర్‌కి ఇదేం సరదా అని మా కాలేజీలో నవ్వుకున్నారు. నేను ఇక్కడ చెప్పదలచుకున్నది ఆ పెట్టె కింద ఉన్న పెడళ్ల గురించి, వాటి ముందు కూర్చున్న మా చెల్లెలి గురించి.

మా పుట్టిల్లు గోదావరి అవతల మంచిర్యాల. 2016 దాకా అది ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. చెల్లెలికి రెండేళ్లప్పుడు, 1977లో, పోలియో వచ్చింది. చంకకర్రలు లేకుండా గడప దాటలేదు. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ప్రాంతాన్ని పోలియో రహితమని ప్రకటించింది. పోలియో పోయింది సరే, పోలియో వచ్చిన ఆడపిల్లలు మాత్రం ఇళ్లల్లోనే ఉన్నారు. వాళ్లకిప్పుడు యాభై ఏళ్లు.

1990లలో ఎక్కడో పంపిణీ చేస్తూ చెల్లెలికి ఒక కుట్టుమిషను ఇచ్చారు. కాలితో తొక్కే మిషను! కాళ్లు లేవని ఇచ్చిన సాయానికి కాళ్లు కావాలి. ఊళ్లో మిషన్లు బాగుచేసే ఒకాయన తొక్కుడు తీసేసి చక్రానికి చేతిపిడి బిగించాడు. కొన్నాళ్లకు మోటారు వచ్చింది. మోటారుకీ నేలమీద పెట్టి తొక్కే పెడలే ఉంటుంది. చెల్లెలు దాన్ని బల్ల మీదికి ఎక్కించి మోచేత్తో ఒత్తుతూ కుట్టడం నేర్చుకుంది. ముప్పై ఏళ్లుగా వాడకట్టు మొత్తానికీ జాకెట్లు కుడుతోంది. దారాలు, గుండీలు మాత్రం తమ్ముడే తెచ్చిస్తాడు. ఆకుపచ్చ చెప్తే చిలకపచ్చ తెస్తాడు.

పోయిన బతుకమ్మకి మా ఇంటికొచ్చినప్పుడు పిల్లలు ఆ పెట్టె చుట్టూ మూగి ‘అవుట్ రన్’ ఆడుతున్నారు. 1986లో జపాన్ కంపెనీ సెగా తెచ్చిన ఆట అది. ఎర్రటి టాప్ లేని కారు, మగవాడు నడుపుతుంటాడు, పక్కన జుట్టు ఎగురుతూ ఒకామె కూర్చుని ఉంటుంది. దారి చీలిన ప్రతిచోటా ఎడమకో కుడికో పోవచ్చు. ఎటుపోయినా ఆమె పక్కసీట్లోనే. చెల్లెలు కుర్చీలోంచి చాలాసేపు చూసి, “గామె గట్లనే కూసుంటదా అక్కా, ఎన్నడన్న నడిపిస్తదా?” అంది. “ఆమెకి స్టీరింగు లేదు” అన్నాను. “నువ్వు ఆడు అత్తా” అన్నాడు మా తమ్ముడి కొడుకు. వెంటనే పెడళ్లకేసి చూసి నాలుక కరుచుకున్నాడు. చెల్లెలు మాత్రం తొణకలేదు. “నా మిషను పెడలు మోచేత్తోని ఒత్తుత గదా, గిదెందుకు ఒత్తరాదు?” అంది.

ఆ ప్రశ్నలోనే అంతా ఉంది. పెడల్ విప్పి చూస్తే లోపల పాత రేడియోలో వాల్యూమ్ బిరడ కింద ఉండే పొటెన్షియోమీటరే కనబడుతుంది. మూడు తీగలు. అది ఎంత తిరిగిందో కంప్యూటరుకు తెలుస్తుంది, దాన్ని తిప్పింది కాలో చెయ్యో మోచెయ్యో తెలియదు. యంత్రానికి లేని పట్టింపు మనకెందుకుంది?

వడ్లాయన, సైకిల్ షాపతను, చెల్లెలు ముగ్గురూ కూర్చుని ఆలోచించారు. స్టీరింగు ఎడమవైపు ఒక చేతి లివరు పెట్టారు. ముందుకు తోస్తే దానికున్న రాడ్డు బ్రేకు పెడల్ని నొక్కుతుంది. తనవైపు లాక్కుంటే సైకిల్ బ్రేకు వైరు యాక్సిలరేటర్ పెడల్ని కిందికి గుంజుతుంది. చేత్తో నడిపే నిజం కార్లలోనూ ఎక్కువగా ఇదే పద్ధతి. బ్రేకు వేస్తే ఒళ్లు ముందుకు తూలుతుంది. ఆ బరువు పడితే బ్రేకు మీదే పడాలి గానీ యాక్సిలరేటర్ మీద కాదు. పెడల్ స్ప్రింగులు కాలి బలానికి చేసినవి, చేతికి బరువు. అందుకని లివరు పొడవు పెంచారు. వైరు పెడల్ని అడుగుదాకా లాగలేకపోయింది. లాగినంతనే ‘పూర్తి’ అని కంప్యూటరుకు నేర్పాం. వైరు వదులుకి మొదట్లో కాస్త జాగా వదిలాం.

తర్వాత స్టీరింగు. ఎడమచెయ్యి లివరు మీదుంటే తిప్పడానికి మిగిలేది ఒక్క చెయ్యే. మా స్టీరింగు ఈ కొసనుంచి ఆ కొసకు 900 డిగ్రీలు, అంటే రెండున్నర చుట్లు. ‘అవుట్ రన్’ అసలు పెట్టెలో అది సుమారు 270 డిగ్రీలే. దానంత కుదించాక ఒక్క చెయ్యి సరిపోయింది. 1982 నాటి ‘పోల్ పొజిషన్’ స్టీరింగుకైతే అడ్డే లేదు, ఎంతైనా తిరుగుతూనే ఉంటుంది. ఆ ఆటకి సెట్టింగుల్లో చురుకుదనం పెంచాల్సి వచ్చింది. నిజం కారులో ఒంటిచేత్తో తిప్పడానికి చక్రం మీద గుండ్రటి పిడి బిగిస్తారు.

పెడళ్లను మేం తీసెయ్యలేదు. పిల్లలు కాళ్లతో ఆడతారు, చెల్లెలు చేత్తో ఆడుతుంది. ఒకరికోసం చేసిన మార్పు ఇంకొకరి దారికి అడ్డం రాలేదు.

ఇదంతా చూస్తూ నా కాళ్ల సంగతీ గుర్తొచ్చింది. కారు నేర్చుకున్నప్పుడు క్లచ్ అందక సీటు ముందుకు జరుపుకుని స్టీరింగుకి అతుక్కుపోయి నడిపేదాన్ని. ఎత్తు తక్కువ కావడం నా లోపమనే చెప్పారు నేర్పినవాళ్లు. కార్ల భద్రతా పరీక్షల్లో దశాబ్దాలుగా ప్రమాణంగా నిలిచిన బొమ్మ ‘హైబ్రిడ్ 3’ 1976 నాటిది. దాని ఎత్తు 175 సెంటీమీటర్లు, సగటు అమెరికన్ మగవాడు. ఆ వరసలో ఆడబొమ్మ అయిదడుగులకు కాస్త అటూఇటూ ఉంటుంది. అక్కడి ఆడవాళ్లలో అందరికంటే పొట్టి అయిదు శాతానికి అది గుర్తు. మన దేశంలో సగటు ఆడమనిషి ఎత్తు సుమారు 152 సెంటీమీటర్లు. అంటే వాళ్ల లెక్కలో చిట్టచివరనున్న మనిషి మన లెక్కలో సగటు మనిషి. సగటు ఆడమనిషి ఒళ్లు కొలతగా ఒక బొమ్మను స్వీడన్‌లో ఆస్ట్రిడ్ లిండర్ బృందం 2022లో చూపించే దాకా మనం ‘చిన్న సైజు మగవాళ్ల’మే. చెల్లెలికి కాళ్లు అందకపోవడానికీ నాకు క్లచ్ అందకపోవడానికీ మధ్య తేడా ఉంది. ఆమె పడ్డది నేను పడలేదు. కానీ ‘నువ్వే సరిపోవు’ అన్న మాట మాత్రం ఇద్దరికీ ఒక్కచోటినుంచే వచ్చింది.

రెండు రోజుల్లో చెల్లెలు పిల్లల్ని ఓడించింది. మూడో రోజు నన్నడిగింది, “గిట్లనే నిజం కారుకు బెట్టరాదా?”

పెట్టొచ్చు. 1988 మోటారు వాహనాల చట్టం ఇలాంటి బండిని ‘ఇన్‌వాలిడ్ క్యారేజ్’ అంది. చెల్లని మనిషి బండి అన్నట్టుంటుంది ఆ మాట. 2019 సవరణలో ‘అడాప్టెడ్ వెహికల్’ అని మార్చారు. చెల్లకపోవడం మనిషిమీదినుంచి దిగింది, మారాల్సిన పని బండిమీద పడింది. పేరు మారినంత మాత్రాన అన్నీ సులువవుతాయని కాదు గానీ ఇది చిన్న సంగతి కాదు.

ఆట ఆడినంతసేపూ తమ్ముడికి ముచ్చటే. కారు మాట వచ్చేసరికి మొహం మారింది. “నీకేం తక్కువ జేసినమే? ఏడికంటే ఆడికి మేం తీస్కపోతలేమా?” అన్నాడు. నిజమే, తీసుకెళ్తాడు. ఆస్పత్రికి, పెళ్లిళ్లకి, మా ఇంటికి. వాడి ప్రేమ మీద నాకు అనుమానం లేదు. కానీ ఆ ప్రేమకు ఒక టైముంది, దానికి తీరిక దొరకాలి. చెల్లెలు తలెత్తకుండా దారం తెంపుతూ చెప్పింది: “తీస్కపోవుడు కాదన్నా. నేను పోవుడు గావాలె.”

ఆడవాళ్ల స్వేచ్ఛ గురించి పాతికేళ్లుగా క్లాసులో పాఠం చెప్తున్నాను. ‘తీసుకుపోవడా’నికీ ‘పోవడా’నికీ మధ్య ఉన్న దూరాన్ని ఇంత తక్కువ మాటల్లో నేనెప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు సెకండ్‌హ్యాండ్ ఆటోమేటిక్ కారు కోసం చూస్తున్నాం. డబ్బులు ఆమెవే, జాకెట్ల డబ్బులు. లైసెన్సు కాగితాలు ఒక్కొక్కటే కూడుతున్నాయి. తమ్ముడు ఇంకా ఒప్పుకోలేదు. “ఒప్పుకునేదాంక ఆగుతవా?” అని అడిగితే చెల్లెలు జవాబు చెప్పలేదు. కారొస్తే ముందు ఎక్కడికి పోతావంటే మాత్రం తడుముకోకుండా చెప్పింది.

“మార్కెట్లకు. దారం రంగు నేనే చూసుకొని తెచ్చుకుంట.”