మాచునూరు సంఘం రేడియో

హైదరాబాదునుండి పడమరగా బొంబాయికి పోవు పెద్దబాటను బట్టి యించుమించు నూరు కిలోమీటర్లు పోయినచో జహీరాబాదు వచ్చును. దారిలో పటాన్‌చెరువు కలదు. జొన్న, సజ్జ, కంది, సెనగ, వేరుసెనగ పైరులపై పరిశోధన సలుపుటకై 1972లో నెలకొల్పబడిన ఇక్రిశాట్ అను నంతర్జాతీయ సంస్థ అచ్చట వేల యెకరముల నాక్రమించి యున్నది. మేము దాని గోడప్రక్కనే సాగిపోయితిమి గాని లోనికి పోలేదు. అదే జొన్నను గూర్చి, అదే కందిని గూర్చి, బడి ముఖమెఱుగని పల్లెపడుచులు లోకమునకు వినిపించు చిన్న రేడియో యొకటి యున్నదని విని, దానిని చూడబోవుచుంటిమి. సంగారెడ్డి, సదాశివపేట గడచిన పిమ్మట బాటకిరువైపుల నెఱ్ఱమట్టి చేలును, నడుమనడుమ రాతిగుట్టలును గానవచ్చినవి. కాలువలు లేవు. చెరువులు తక్కువ. వానను నమ్మి విత్తు వేయవలసిన నేల యది.

రేడియోను చూచుటకు నూరు కిలోమీటర్లు పోవలెనా, అది మన యింటనే యున్నదిగదా యని చదువరులగు సోదరీమణు లడుగవచ్చును. నిజమే. రేడియో యనగా మన యిండ్ల ఆడువారికి క్రొత్త చుట్టము గాదు. చెన్నపట్టణపు ఆకాశవాణి కేంద్రము 1938 జూన్ 16వ తేదీనను, బెజవాడ కేంద్రము 1948 డిశంబరు 1వ తేదీనను ప్రసారములు మొదలిడినవి. నాటినుండి మన వంటయింటి గూటిలో దానికొక చోటు దొరకినది. పుస్తకము చదువవలెనన్న కన్నులును, చేతులును రెండును దానికే యప్పగింపవలెను. సభకు పోవలెనన్న నిల్లు విడువవలెను. రేడియోకు చెవి యొక్కటి చాలును. బియ్యము చెఱుగుచు, బిడ్డకు జోలపాడుచు, పిండి రుబ్బుచు సంగీతము వినవచ్చును, పురాణము వినవచ్చును, ఢిల్లీలో జరిగినది తెలిసికొనవచ్చును. సభకు పోలేని యిల్లాలి కడకు సభయే నడచివచ్చినది. ఈ యుపకారమును మఱచినవారు మనలో నుండరు.

అయినను ఈ మాటలన్నియు మన భాష పెట్టెలో వినబడిన మనకే చెల్లును. జహీరాబాదు ప్రాంతపు కథ వేఱు. 1956కు పూర్వ మీ సీమ నిజాము రాజ్యములోని బీదరు జిల్లాకు జేరియుండెను. ఇచ్చటి పల్లెవాసుల తెలుగులో ఉర్దూయు, కన్నడమును కలిసిపోయినవి. 1935లో నిజాము ప్రభుత్వము చేపట్టిన దక్కను రేడియోలో ఉర్దూకే పెద్దపీట. 1950లో అది ఆకాశవాణిలో జేరిన తరువాత హైదరాబాదునుండి తెలుగు బాగుగనే వినవచ్చినది. కాని యది చదువుకొన్నవారి తెలుగు. చేనిలో కలుపుతీయు స్త్రీ దానిని విని గ్రహింపగలదు, మెచ్చుకొనగలదు. "ఇది నా మాట" యని మాత్రము అనుకొనజాలదు.

జహీరాబాదునకు కూతవేటు దూరమున పస్తాపురము కలదు. 1983లో కీర్తిశేషులు పి. వి. సతీష్‌గారును, వారి మిత్రులు కొందఱును గలిసి స్థాపించిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి ఈ యూరే నెలవు. ఊరూర స్త్రీలు సంఘములుగా గూడిరి. వారిలో మిక్కిలివారు దళితులు, సెంటు నేలయైనను లేనివారును, ఉన్నను బీడుపడిన రాతినేల కల్గినవారును. ఆ బీళ్లను వారు సాగులోనికి తెచ్చిరి. పచ్చజొన్న, కొఱ్ఱ, సామ, తైద, అనుము, కంది మొదలగు పాతపంటలను ఒకే చేనిలో కలిపి వేసిరి. విత్తనములను బూడిదయు, వేపాకును గలిపి గంపలలో దాచి, ఒకరికొకరు బదులిచ్చుకొనిరి. ఏటేట సంక్రాంతి తరువాత ఎడ్లబండ్లపై ఆ విత్తనములను అలంకరించి ఊరూర త్రిప్పు "పాతపంటల జాతర" యిచ్చటిదే.

ఈ విద్య యంతయు వారి నోట నున్నదే గాని యే కాగితమునను లేదు. ఏ విత్తు ఏ కార్తెలో వేయవలెనో, ఏ పంట ప్రక్కన ఏ పంట పొసగునో, బాలింతకు ఏ గింజ వండిపెట్టవలెనో ముసలమ్మల కెఱుక. ముసలమ్మ పోయిన నా విద్యయు నామెతోడనే పోవును. వ్రాసిపెట్టుదమన్న వ్రాయునదెవరు? వ్రాసినను చదువునదెవరు? చెవికే చెప్పవలెను. రేడియో కావలెనను కోరిక సంఘములలో నీ విధముగా బుట్టినది.

కోరిక పుట్టినంతనే తీరలేదు. 1990ల చివర ఐక్యరాజ్యసమితికి జెందిన యునెస్కో సాయపడగా మాచునూరులో స్తంభము లేచినది, యంత్రములు వచ్చినవి, మాటలాడుటకు స్త్రీలు సిద్ధమైరి. ప్రభుత్వపు అనుమతి మాత్రము రాలేదు. అప్పటికి ఆకాశవాణికి దక్క గ్రామసంఘమునకు రేడియో నడుపు హక్కు మన దేశమున లేదు. మఱి వారేమి చేసిరి? పలుకవలసినదంతయు టేపులపై నెక్కించుకొనిరి. ఆ టేపులను ఊళ్లలోని సంఘములకు గొనిపోయి, రాత్రి పని ముగిసినవేళ పదుగురు గూర్చుండి వినిరి. గాలిలో పోవలసిన మాట చేతిసంచిలో నడచిపోయినది. ఇట్లించుమించు పదియేండ్లు గడచినవి. పదియేండ్లు మూతపడిన గొంతుతో కాచుకొనియుండుట యెంత యోర్పో, ఆడువారమగు మనకు వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఈ లోపున ఢిల్లీలో కొన్ని మార్పులు జరిగినవి. శబ్దతరంగములు ప్రజలందఱి యాస్తి యని 1995 ఫిబ్రవరిలో సుప్రీముకోర్టు తీర్పుచెప్పినది. ఆ తీర్పు నిచ్చిన ముగ్గురిలో జస్టిస్ పి. బి. సావంత్‌గారొకరు. మన తెలుగువారగు జస్టిస్ బి. పి. జీవన్‌రెడ్డిగా రింకొకరు. 2000లో ప్రజారేడియోకై పాటుపడువారు పలువురు సభజేసి, తమ కోర్కెను పస్తాపురము పేరిటనే ప్రకటించిరి. 2006 చివర కేంద్రప్రభుత్వము స్వచ్ఛందసంఘములకును రేడియో అనుమతి యొసగుటకు నియమములు చేసినది. తుదకు 2008 అక్టోబరు 15వ తేదీన మాచునూరి పలుకు గాలిలోనికి వెడలినది. ప్రారంభించినవారు ఆ సావంత్‌గారే. ఐక్యరాజ్యసమితి ప్రకటించిన గ్రామీణస్త్రీల అంతర్జాతీయ దినోత్సవము మొట్టమొదట జరుపబడినదియు ఆనాడే. విద్యాలయములకు జెందక గ్రామసంఘములచే నడుపబడు రేడియోలలో మన దేశమున నిదియే మొదటిదని పేరు.

మాచునూరు ఝరాసంగము మండలములోని చిన్నపల్లె. పెద్ద మేడగాని, ద్వారపాలకుడుగాని యుందురేమోయని వెదకువారు నిరాశపడుదురు. చిన్న కట్టడము, ప్రక్కన స్తంభము, లోపల రెండు మూడు యంత్రములు, మైకు. అంతే. 90.4 మెగాహెర్ట్జ్ దాని చిరునామా. ఇట్టి రేడియోలకు నియమము లొసగిన బలము నూరు వాట్లు. హైదరాబాదు ఆకాశవాణి మధ్యతరంగ కేంద్రపు బలము రెండులక్షల వాట్లు. అది గోదావరి యనిగాని కృష్ణ యనిగాని చూడక దాటిపోవును. ఇది చుట్టుప్రక్కల పల్లెలకు మాత్రము చేరి అచ్చట నాగిపోవును. గుడిగంటకును ఇంటిగంటకును గల తారతమ్యము వంటిదిది. గుడిగంట ఊరెల్ల వినబడును. ఇంటిగంట పిలిచినది మనలనే యని మనకు తెలియును.

ప్రసారము సాయంకాలము పొద్దుగ్రుంకినవెనుక రెండుగంటలసేపు. ఈ వేళ నేర్పఱచినవారి తెలివిని మేము మెచ్చుకొంటిమి. పగలు కూలికిపోవు స్త్రీకి తీరికయున్నది ఆ రెండుగంటలే. మైకు ముందు గూర్చుండువారును, యంత్రము త్రిప్పువారును, ఊళ్లకు పోయి పలుకులు సేకరించి తెచ్చువారును స్త్రీలే. విత్తనముల సంగతి, పశువుల రోగములకు నాటుమందులు, పిల్లల యారోగ్యము, బతుకమ్మ పాటలు, నాట్లపాటలు, పెండ్లిపాటలు, సంఘముల కష్టసుఖములు: ఇవియే కార్యక్రమములు. పేరుమోసిన గాయకురాలెవతెయు లేదు. నిన్న చేనిలో పాడిన యామెయే నేడు పెట్టెలో పాడును.

ఆ రాత్రి మేమొక యింటి యరుగుపై గూర్చుండి వింటిమి. ఇంటి ముసలమ్మ జొన్నరొట్టె తట్టుచు, ఒకచెవి మాకును, ఒకచెవి రేడియోకును ఒప్పగించెను. పాట మొదలైనది. "గిది మా ఆడిబిడ్డ గొంతమ్మా" అని యామె నవ్వెను. కార్యక్రమము లేనినాడు తోచునా యని యడిగితిమి. "ఏం తోస్తది? మాట్లాడే మనిషి ఊరికి వోయినట్టుంటది. పట్నం రేడియో మంచిగనే చెప్తది. గీ డబ్బల మా మాట మాకు ఇనవడ్తది" అని బదులు చెప్పి రొట్టెను త్రిప్పివేసెను. ఇట్టి శ్రోతను సంపాదించుటకు ఎన్ని లక్షల వాట్లు చాలును?

ఆమె మాటను దారిపొడుగున తలచుకొంటిమి. శ్రోతలకు రేడియోయెడల నుండు నమ్మకమునకు మూలమేమి? పాట బాగుండుటయా? పాట యెచ్చటనైనను దొరకును. తన్ను ముందుగా ఆలకించిన గొంతునే మనుష్యుడు తరువాత నమ్మకముతో ఆలకించును. ఇది పల్లెరేడియోకే కాదు, పెద్ద కేంద్రములకును వర్తించును. న్యాయపతి రాఘవరావుగారును, కామేశ్వరిగారును తెలుగు బాలబాలికలకు "రేడియో అన్నయ్య", "రేడియో అక్కయ్య" యెట్లైరి? పిల్లలను పిలిచి వారిచేతనే పలికించిరి గనుక. బెజవాడనుండి ఉషశ్రీగారి ధర్మసందేహముల కార్యక్రమమునకై జనము పనులు మాని యేల కాచుకొనిరి? పేరూరులేని శ్రోత వ్రాసిన జాబునకు ఆయన యుత్తరము చెప్పుచుండెను గనుక. మాచునూరు స్త్రీలు చేసినది ఈ ధర్మమును కొసదాక నడిపించుటయే. వారు శ్రోతనే లేపి మైకు ముందు గూర్చుండబెట్టిరి.

ఇదియంతయు నిశ్చింతగా సాగుచున్నదని మేము చెప్పజాలము. స్వంతముగా వార్తలు చెప్పుటకు ఇట్టి రేడియోలకు నియమములలో తావులేదు. ప్రకటనల రాబడి స్వల్పము. పిల్లల చేతులలో సెల్లుఫోనులున్నవి. వారికి నచ్చిన పాట నచ్చినక్షణమున దొరకుచున్నది. పెద్ద రేడియోకును ఈ గాలి తగిలినది. ఆకాశవాణి తన జాతీయ ప్రసారమును 2019లో నిలిపివేసినది. వినువారు తగ్గిరనుటయు, ఖర్చు పెరిగినదనుటయు ఎప్పుడును వినవచ్చు మాటలే. ఒక గొంతు నిలిచిపోయిననాడు దానిని నమ్ముకొన్న యిల్లాలికి కలుగు లోటు ఏ లెక్కల పుస్తకములోను వ్రాయబడదు. మాచునూరు టేపులలోని ముసలమ్మలలో కొందఱిప్పటికే లేరు. వారి విత్తనముల విద్య ఆ టేపులలో నున్నది, విని చేలలో నడిపించుచున్న కోడండ్ర చేతులలో నున్నది. వినువారు లేనినాడు టేపు వట్టి డబ్బా.

కావున సోదరీమణులకు మా విన్నపమొకటి. మనము రేడియోను వినుటతోనే మన పని తీరినదనుకొనుచున్నాము. బాగున్నప్పుడు బాగున్నదని చెప్పము. నిలిపివేసినప్పుడు నిట్టూర్చి యూరకుందుము. మీకు ప్రీతియగు కార్యక్రమ మేదేని యున్నచో ఆ కేంద్రమునకు ఒక కార్డు వ్రాయుడు. మీ యింటి పెద్దమ్మకు వచ్చిన పాట, మీ యూరి పండుగ వంట, మీ చేనిగట్టు మాట వారికి తెలియజేయుడు. అత్తగారు పాడుచున్నప్పుడు పిల్లవాని సెల్లుఫోనులో దానిని పట్టియుంచుడు. రేడియో మనలను వినవలెనన్న మనము ముందు పలుకవలెను. జహీరాబాదు పల్లెలలోని యక్షరమురాని స్త్రీలు పలుకుటకై పదియేండ్లు కాచుకొనిరి. అక్షరము వచ్చిన మనకు కార్డు వ్రాయుటకు పది నిమిషములు చాలును.