ఆరు వందల ఏళ్ళకు సొంతింటికి!

సినిమాల్లో అమ్మవారంటే మనకేం గుర్తొస్తుంది? పట్టుచీర, పెద్దబొట్టు, క్లైమాక్సులో త్రిశూలం! ఆ లెక్కన అలంపురం జోగులాంబను చూస్తే హడలిపోతారు. పైకి లేచిన జడల్లో తేలు, కప్ప, బల్లి. కూర్చున్నదేమో శవం మీద! అష్టాదశ శక్తిపీఠాల్లో అయిదోది. 2016లో ఏర్పడ్డ జోగులాంబ గద్వాల జిల్లాకు ఆవిడ పేరే పెట్టారు.

నేను వెళ్ళింది మాత్రం మా అవ్వ మొక్కు తీర్చడానికి.

కృష్ణా తుంగభద్రల మధ్య నేలని నడిగడ్డ అంటారు. ఆ రెండు నదులూ కలిసే కూడవెల్లి పక్కనే మా అవ్వ ఊరు. 1980ల మొదట్లో శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళొచ్చి అక్కడి ఊళ్ళు మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి, తెచ్చి అలంపురంలో మళ్ళీ కట్టారు. అవ్వది మట్టిల్లు. విప్పి తేవడానికేముంది?

“అమ్మోరికే సొంతిల్లు లేదు, మనదెంతప్పా!” అనేది అవ్వ.

నిజమే. 14వ శతాబ్దం చివర బహమనీల దండయాత్రలో అమ్మవారి గుడి పడిపోయిందంటారు. మూర్తిని తెచ్చి బాలబ్రహ్మ ఆలయంలో ఉంచారు. అప్పట్నుంచీ అయ్యగారింట్లోనే ఓ మూల కాపురం! ఆవిడకి ఇల్లు కడితే గద్వాల చీర పెడతానని అవ్వ మొక్కుకుంది. 2005లో పాత చోటే కొత్త గుడి లేచింది. అది చూడ్డానికి అవ్వ లేదు.

గద్వాలలో దిగి చీర కొన్నాను. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. అక్కణ్ణుంచి బస్సు.

అలంపురంలో ముందు నవబ్రహ్మ ఆలయాలు చూడాలి. పేర్లన్నీ బ్రహ్మవి, లోపల ఉన్నది శివుడు! 7, 8 శతాబ్దాల్లో బాదామి చాళుక్యులు కట్టించినవి. స్వర్గబ్రహ్మ గుడి గోడల మీద గాల్లో తేలే గంధర్వ జంటల్ని చూడండి. ఆ విరుపు ఏ డాన్స్ మాస్టరూ నేర్పలేడు!

తర్వాత అమ్మవారి గుడికి వెళ్ళాను. ఆవిడ ఉగ్రం చల్లారేందుకట, చుట్టూ నీళ్ళు.

“ఎవరి పేరున నాయనా?” అన్నారు పూజారిగారు.

అవ్వ పేరు చెప్పాను.

“గోత్రం?”

“తెలీదు స్వామీ. ఊరి పేరు చెప్పమంటారా?”

తలూపారు. మునిగిపోయిన ఊరి పేరు చెప్పాను. సంకల్పంలో కలిపి ఆయన గట్టిగా చదివారు. ఆ పేరు ఓ గుళ్ళో వినపడి ఎన్నేళ్ళయిందో! నా కళ్ళు చెమర్చాయి. సినిమా డైలాగు కాదండోయ్, నిజంగానే.

మీరూ వెళ్ళిరండి. హైదరాబాద్ - కర్నూలు రోడ్డు మీద అలంపూర్ చౌరస్తాలో దిగితే చాలు. వెళితే మాత్రం బాలబ్రహ్మ గుడిలో ఓ దణ్ణం మరిచిపోకండి. ఇల్లులేని తల్లికి ఆరు వందల ఏళ్ళు చోటిచ్చిన ఇల్లది!