ఫ్యూజు డబ్బ

మా తాత లందల తోళ్లు నానేసేటోడు. సున్నం, తంగేడు చెక్క, ఆ వాసనే మా వాడకు గుర్తు. మోట బొక్కెనకు తొండం కుట్టాలన్నా, ఊరి కాళ్లకు చెప్పులు కావాలన్నా మా గడప దగ్గరికే రావాలె. వచ్చినోళ్లు దూరం నిలబడి మాట్లాడేటోళ్లు. మోటలు పోయి కరెంటు మోటర్లు వచ్చినయి. తొండం కుట్టే పని బంద్ అయింది. దూరం మాత్రం బంద్ కాలే.

నాయిన తాండూరు నాపరాళ్ల గనులల్ల కూలికి పోయిండు. నన్ను ఐటీఐల ఎలక్ట్రీషియన్ చదివిచ్చిండు. అప్పటికి మాది రంగారెడ్డి జిల్లా, వికారాబాద్ జిల్లా అయింది 2016ల. వికారాబాద్‌ల ఇండ్ల వైరింగు చేసే ఒక మేస్త్రి దగ్గర కుదిరిన. గోడలు కొట్టాలంటే నేను కావాలె, పైపులు వెయ్యాలంటే నేను కావాలె. గృహప్రవేశం అయినంక వంటింట్ల ప్లగ్గు చెడిపోతే మాత్రం, "నువ్వు బయటుండు, నేను చూసొస్త" అనేటోడు. నేను గుంజిన వైరు పూజగదిల బుగ్గయి వెలుగుతుండె. నేను వాకిట్ల సామాన్ల సంచి పట్టుకొని నిలబడుతుంటి.

అందుకే బండ్ల వైరింగుకు మారిన. బండికి వంటిల్లు లేదు.

ఆటో అంటే ఏమున్నది? మోటర్ సైకిల్‌కు ఉన్నటువంటి ఒక్క సిలిండరు ఇంజను, 12 వోల్టుల బ్యాటరీ, గుత్తిగా పోయే వైర్లు. ఆ గుత్తిల ఫ్యూజు డబ్బ ఒకటి. తాండూరు బండ్లకు పట్టే రోగం రాతి పొడి. పాలిష్ మిషన్ల దగ్గర ఆ పొడి నీళ్లతోని కలిసి బురదైతది. ఎక్కడ సందు దొరికితే అక్కడ దూరుతది.

మా చిన్నాయిన కొడుకు ట్రాలీ ఆటోల బండలు వేసుకొని తాండూరు నుంచి వికారాబాద్ వస్తున్నడు. అనంతగిరి గుట్టల మలుపు కాడ లైట్లు ఆరిపోయినయి. వెనక బండల బరువు, ముందట చీకటి. ఎట్లనో ఆపుకున్నడు. బండి కిస్తులు ఇంక తీరలే. అంతకుముందు ఒక షాపుల చూపిస్తే ఫ్యూజు తీసేసి రాగి పోగు చుట్టి ఇచ్చిండ్రట. "మీ బండ్లకు ఇది సాలు" అన్నరట. మీ బండ్లంటే ఎవరి బండ్లో మాకు ఎరుకే.

డబ్బ విప్పి చూస్తే ఒక జాగల రాగి పోగు, దాని వైరు తొడుగు కమిలిపోయి ఉన్నది. లైట్ల జాగల మంచి ఫ్యూజే ఉన్నది, అయినా దాని చుట్టు ప్లాస్టిక్ కరిగిపోయింది.

"అన్నా, ఫ్యూజు పోలే గద, డబ్బెట్ల కరిగింది?" అన్నడు తమ్ముడు.

ఫ్యూజు ఉన్నది వైరును కాపాడెటందుకు. 10 ఆంపియర్ల ఫ్యూజు, కరెంటు బాగ మీరితే తాను కాలి వైరును బతికిస్తది. కాని పట్టు వదులై, పచ్చ చిలుము ఎక్కితే ఆ అతుకు కాడ అడ్డం పుడుతది. 8 ఆంపియర్లు పోయే కాడ ఓములో పదో వంతు అడ్డం చాలు, గోరంత జాగల 6 వాట్ల పైన వేడి. కరెంటు హద్దు దాటలే, కాబట్టి ఫ్యూజు కాలదు. డబ్బ మెల్లగ కరుగుతది.

బ్యాటరీ మైనస్ ముందుగాల విప్పిన. ఒక్కొక్క వైరుకు టేపు చుట్టి నంబరు రాసిన. నల్లబడ్డ రాగిని మెరిసే రాగి వచ్చేదాక కోసిన. నల్ల రాగికి కొత్త క్లిప్పు వేస్తే మళ్ల అదే రోగం. పొట్టిగైన వైరుకు అంతే మందం ముక్క అతికి స్లీవు తొడిగిన. మూత ఉన్న కొత్త డబ్బను కొంచెం మీదికి జరిపి, నీళ్లు లోపలికి జారకుండ వైర్లు కిందికి వంచి బిగించిన. ఈ ఫ్యూజులకు రంగే లెక్క: ఎర్రది 10, నీలంది 15, పసుప్పచ్చది 20. రాగి పోగు చుట్టిన జాగల మాత్రం ముందు ఫ్యూజు పెట్టలే, బల్బు పెట్టిన. బ్యాటరీ తగిలించి, తాళం తిప్పి, స్విచ్చిలన్ని బంద్ చేసిన. బల్బు వెలగలే. వైర్ల గుత్తి పట్టి కదిలిస్తే ఒక్కసారి నిండుగ వెలిగింది. బ్రేకు స్విచ్చికి పోయే వైరు ఒరుసుకపోయి బాడీకి తాకుతున్నది. అది సాపు చేసినంకనే ఫ్యూజు పెట్టిన. షాపోళ్ల రాగి పోగు ఇన్ని దినాలు దాచింది దీన్నే.

ఈ పని చేస్తుంటే నాకు చట్టం యాదికొచ్చింది. అంటరానితనం రద్దని 1950 నుంచి రాజ్యాంగం 17వ అధికరణం చెప్తున్నది. 1985ల కారంచేడు జరిగింది, 1989ల అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది, 1991ల చుండూరు జరిగింది. అంత మంట లేస్తే చట్టం కదులుతది, కదలకపోతే మనం రోడ్డెక్కి కదిలిస్తం. మరి నన్ను ఎవలు కొట్టలే, తిట్టలే. "బయటుండు" అన్నరు. చట్టం పుస్తకంల దానికీ జాగ ఉండొచ్చు. కాని ఆ మాటకు సాక్షి ఎవలు? మేస్త్రి మీద కేసు పెడితే తెల్లారి పని ఎవలిస్తరు? కరెంటు హద్దు దాటదు, ఫ్యూజు కాలదు, మనిషి లోపల్లోపల కరుగుతడు.

ఇసుంటి వేడి మీటరుకు ఒక్కోసారి దొరకదు. బండి నడిచినంక డబ్బ మీద చెయ్యి పెట్టి చూడాలె.

తమ్ముళ్లారా, చెల్లెండ్లారా, మీరు సర్వేలకని మా వాడలకొస్తరు. కేసులెన్ని అయినయని అడుగుతరు, అడగాలె. దానితోని పాటు పనికి పోయేటోళ్లను ఇంకొకటి అడుగుండ్రి: ఇంట్ల ఎక్కడిదాక పోనిచ్చిండ్రు, ఎక్కడ ఆపిండ్రు? కరెంటు పనోణ్ని, రంగులేసేటోణ్ని, బండలు పరిచేటోణ్ని, గిన్నెలు తోమే అక్కను అడుగుండ్రి. వాళ్లు చెప్పింది రాసుకోండ్రి. కేసుల లెక్క పక్కన ఆ లెక్క కూడ ఉండాలె.