మెదక్ కిటికీల ముందు ఒక ఉదయము

పోయిన వేసవిలో మా సంఘము వారము ఇరవైమందిమి మెదక్ దేవాలయమును చూడటానికి వెళ్ళాము. త్రోవలో బండి టైరు పంక్చరై, చేరేసరికి చీకటి పడింది. లోపల దీపాలు వెలుగుతున్నాయి. కాని పేరుపొందిన ఆ రంగు అద్దాల కిటికీలు మూడూ నల్లని పలకల్లా ఉన్నాయి. వెనుకనుండి వెలుగు రానిదే అవి కనబడవు.

మా సంఘపెద్ద ఒకాయన అందుకేమీ విచారించలేదు. “మంచిదే అయ్యగారూ. దేవుని మందిరములో బొమ్మలెందుకండీ?” అన్నారు.

ఆ రాత్రి బసలో అందరమూ ఆ ప్రశ్ననే మాటలాడుకొన్నాము. అది నేటి ప్రశ్న కాదు. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ దేవాలయములో దానియేలు, హోషేయ, యోనా మొదలైన వారి అద్దపు చిత్రాలు సుమారు 900 ఏండ్లుగా నిలిచి ఉన్నాయి. చదువురాని జనులకు అటువంటి కిటికీలే బైబిలు సంగతులు చూపేవి. అయితే 1643-44లో ఇంగ్లండు తూర్పు ప్రాంతములలో విలియం డౌసింగ్ అనే ఆయన, పార్లమెంటు ఆజ్ఞ ప్రకారము వందలాది దేవాలయాలు తిరిగి, ఇది విగ్రహారాధన అంటూ వాటిని పగులగొట్టించాడు. ఆయనా మనవంటి ప్రొటెస్టెంటే!

మెదక్‌లో మందిరము కట్టించిన పాస్నెట్ దొరగారూ ప్రొటెస్టెంటే. కరవులో అలమటించిన వారికి ఆ కట్టడములో పని, తిండి దొరికాయి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. కిటికీలు తరువాత వచ్చాయి: ఆరోహణము 1927లో, జననము 1947లో, సిలువ 1958లో. ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ వాటిని రూపొందించారు.

తెల్లవారి మరల వెళ్ళాము. రాత్రి నల్లగా ఉన్న అద్దాలలో ఎరుపు, నీలము, పసుపు మండుతున్నట్టు ఉన్నాయి. పిల్లలు నోరెత్తలేదు. పెద్దాయన సిలువ కిటికీ ఎదుట చాలాసేపు నిలబడి, “ఆ నల్లగీతలేమిటండీ?” అని అడిగారు.

“సీసపు పట్టీలు. రంగు అద్దమును ముక్కలుగా కోసి, ముఖములు, మడతలు దిద్ది, కొలిమిలో కాల్చి, ఆ పట్టీలతో అతుకుతారు” అని చెప్పాము.

“అయితే అన్నీ ముక్కలేనా!” అని ఆయన మరికొంతసేపు చూశారు.

తిరుగు ప్రయాణములో మా ప్రక్కన కూర్చొని అన్నారు: “బొమ్మల విషయములో నా మాట నాదేనండీ. కాని మా మనుమరాలిని ఒకసారి తీసుకువస్తాను. పగటిపూటే.”

చదువరులారా, మీరును వెళ్ళినప్పుడు ప్రొద్దు ఉండగానే చేరండి.