ఏడు ఎముకలు, ఎనిమిది నరాలు

మనిషి మెడలో ఎముకలు ఏడు. అక్కణ్ణుంచి బయటికొచ్చే నరాల జతలు మాత్రం ఎనిమిది. సి ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో ఇండెక్స్ ఒకటి తేడా వచ్చి తల పట్టుకున్నవాళ్ళకి ఇది నచ్చుతుంది. ఆ ఎక్కువున్న ఎనిమిదో నరం గురించే ఇదంతా.

మా మామ గద్వాలలో చీరలు నేస్తాడు. గద్వాల చీర అంటే ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండిటినీ మగ్గం మీదే పోగు పోగుగా కలపాలి. అంతా వేళ్ళ చివర్ల పని. పోయిన వానాకాలంలో ఆయన కుడిచేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కడం మొదలైంది. తర్వాత పట్టు తగ్గింది. "అల్లుడా, నాడె చేతుల నిలుస్తలేదు" అన్నాడు ఫోన్లో. మెడ ఊసే ఎత్తలేదు. భుజం రెక్క దగ్గర సలుపు ఉందని అత్త ఎప్పుడో చెప్పింది.

వనపర్తిలో ఒక క్లినిక్‌కి వెళ్తే మోచేతి దగ్గర నరం నొక్కుకుందన్నారు. అదేం వింత మాట కాదు, ఆ నరం దెబ్బతిన్నా తిమ్మిరెక్కేది ఆ రెండు వేళ్ళే. విటమిన్ ఇంజెక్షన్లతో రెండు నెలలు గడిచాయి. ఈలోపు ఎవరో మెడ విరిచి సరిచేసే మనిషి దగ్గరికి పోదామన్నారు. అత్త ససేమిరా అంది. ఆవిడ మొండితనానికి దండం పెట్టాలి. నరం నొక్కుకుని ఉన్నప్పుడు మెడ విరిపించుకోవడం ప్రమాదం.

హైదరాబాద్‌లో న్యూరోసర్జన్ చేసిన పరీక్ష చూస్తే నాకు సర్క్యూట్స్ ల్యాబ్ గుర్తొచ్చింది. బొటనవేలి చివరి కణుపు గట్టిగా వంచమన్నారు. మోచేతి నరం ఒక్కటే పాడైతే ఈ కణుపు బలంగానే ఉండాలి, దానికి సప్లై వేరే నరం నుంచి వస్తుంది. మామది నిలవలేదు. ముంజేయి లోపలి పక్క చర్మం కూడా మొద్దుబారింది. మోచేతి నరం ఆ చర్మానికి పోదు. వేర్వేరు వైర్లలో ఒకేసారి లోపం కనిపిస్తే అవి బయల్దేరిన చోట వెతకాలి కదా!

ఎమ్మారైలో దొరికింది. ఏడో మెడ ఎముకకీ, కింద మొదటి వీపు ఎముకకీ మధ్య డిస్క్ పక్కకి ఉబికి ఎనిమిదో నరాన్ని నొక్కుతోంది. మెడలో డిస్కులు ఎక్కువగా జారేది దీనికి పైనున్న రెండు చోట్ల. ఇక్కడ అరుదు, ఎందుకంటే పక్కటెముకల గూడుకి ఆనుకుని ఉండటంతో కదలిక తక్కువ. మామూలు ఎక్స్‌రేలో భుజాలు అడ్డొచ్చి ఈ చోటు సరిగ్గా కనపడదు కూడా. (ల్యాప్‌టాప్ ముందు మెడ పట్టేసిన మిత్రులారా, కంగారు పడకండి. అది వేరు.)

నడక తూలుతోందా, చొక్కా గుండీలు పెట్టుకోగలుగుతున్నారా, మూత్రం ఆగుతోందా అని డాక్టర్ గుచ్చి గుచ్చి అడిగారు. వెన్నుపామే నొక్కుకుంటే ఇవి కనిపిస్తాయి, అప్పుడు ఆలస్యం చేయకూడదు. మామకి అవేం లేవు. డిస్క్ జారినవాళ్ళలో చాలామంది ఆపరేషన్ లేకుండానే కోలుకుంటారు కాబట్టి ముందు ఆరు వారాలు మందులు, ఫిజియోథెరపీ. అందుకని నాగర్‌కర్నూల్‌లో వదిన ఇంట్లో ఉన్నాడు. వదిన రోజూ ఒకే స్పాంజిని ఆయనతో పిండించి, వచ్చిన నీళ్ళు గ్లాసులో పట్టి మార్కర్‌తో గీత పెట్టేది. నొప్పి తగ్గింది, సంతోషించాం. గీత మాత్రం కిందికి దిగుతూ పోయింది. డాక్టర్ నొప్పి సంగతి పక్కన పెట్టి ఆ గీతలే చూసి ఆపరేషన్ అన్నారు.

మెడ డిస్క్‌కి మామూలుగా ముందు నుంచి వెళ్తారు. ఇంత కిందికొస్తే రొమ్ము ఎముక అడ్డం పడొచ్చు. అందుకే వెనక నుంచి, నరం బయటికొచ్చే కంత దగ్గర ఎముక కాస్త చెక్కి ఒత్తిడి తీశారు.

ఇది మగ్గం వల్లే వచ్చిందా అని అడిగితే అలా తేల్చి చెప్పలేమన్నారు. నాలుగు నెలలైంది. గ్లాసులో గీత మళ్ళీ పైకొచ్చింది, చిటికెన వేలి మొద్దు ఇంకా పూర్తిగా పోలేదు. పొద్దున గంట, సాయంత్రం గంట మగ్గం దగ్గర కూర్చుంటున్నాడు. నాడె తనే వేస్తున్నాడు. అంచు కలిపేది మాత్రం ఇప్పటికీ అత్తే.