పటాలపు బిళ్ళలు

తెలుగున బిళ్ళ యను మాటకు అర్థములు పెక్కులు. ఇంటి కప్పునకు వేయునది పెంకుబిళ్ళ, వైద్యుడిచ్చునది మందుబిళ్ళ, ఆడపిల్లలు జడకు పెట్టుకొనునది జడబిళ్ళ. ఇంగ్లీషువారి దొరతనములో మరియొక బిళ్ళ వచ్చి చేరినది. కచేరీ జవాను భుజము మీదుగా డవాలు వేసికొని, దానికి ఇత్తడి బిళ్ళ తగిలించుకొని తిరిగెడివాడు. అందుచేతనే అతడు బిళ్ళబంట్రోతు అయ్యెను. హిందూస్థానీలోని చప్రాసీ యను మాటకును అటువంటి బిళ్ళయే మూలము. సిపాయీలు తలపాగాకును, భుజమునకును, నడికట్టునకును పెట్టుకొనిన లోహపు గుర్తులను మా చాపాడు ప్రాంతపు వృద్ధులు పటాలపు బిళ్ళలందురు. కొన్ని యేండ్లుగా నేను ప్రోగుచేయుచున్నవి అవియే.

ఇవి దొరకు చోటు ఏ రాజభవనమో కాదు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళకు పేరుపొందినది గాని, నాకు కావలసినది పాత ఇత్తడి కొనెడి అంగడి. చిల్లిపడిన బిందెలు, వంగిన పళ్ళెములు, విరిగిన గంటలు అచ్చట తూకమునకు అమ్ముడుపోయి, కరిగి, క్రొత్త పాత్రలగును. అట్టి అంగడి యజమాని యొకరు నా కోరిక యెరిగి, వింతగా కనబడిన తునుకలను ఒక గంపలో వేరుగా ఉంచెడివారు. ఇత్తడి ధరకు పైసా తగ్గించెడివారు కారు. వ్యాపారము వ్యాపారమే గదా!

బిళ్ళ చేతికి రాగానే మొదట చూడవలసినది కిరీటము. విక్టోరియా రాణి కాలపు కిరీటము యొక్క తోరణములు నడుమ కొంచెము క్రుంగియుండును. 1901లో ఆమె గతించిన తరువాత వచ్చిన రాజుల బిళ్ళలపై ఆ తోరణములు గుమ్మటమువలె గుండ్రముగా పైకి లేచును. మనది గణతంత్రమైన 1950 తరువాత కిరీటము పోయి, అశోకుని సింహములు వచ్చినవి. చదువు రాని వాడును ఈ గుర్తులతో కాలమును పోల్చుకొనవచ్చును.

తరువాత అంకె. ఇందులో చిన్న లెక్క యున్నది. 1895 వరకు మద్రాసు, బొంబాయి, బంగాళము అని మూడు రాజధానులకు మూడు సైన్యములుండెను. ప్రతిదానికిని వేరు వేరు అంకెలు. 1903లో కిచనర్ సేనాని ఆ పటాలములన్నిటిని ఒకే వరుసలోనికి తెచ్చినప్పుడు, మద్రాసు కాల్బలముల అంకెలకు అరువది కలిపిరి. పదునైదవ మద్రాసు కాల్బలము డెబ్బదియైదవ కర్ణాటిక్ కాల్బలమైనది, పందొమ్మిదవది డెబ్బదితొమ్మిదవదైనది. 1922లో ఆ అంకెలును పోయి, మిగిలిన పటాలములు మూడవ మద్రాసు రెజిమెంటులో కలిసెను. కావున ఒక బిళ్ళపై 75 అని యున్నచో అది ఆ రెండు సంవత్సరముల నడిమిదని కూడికతోనే తేల్చవచ్చును.

ముందు భాగము కంటె వెనుక భాగము నిజము చెప్పును. అచ్చుతో కొట్టిన బిళ్ళలో గీతలు పదునుగా నుండును. పోతపోసిన దానిలో అవి మొద్దుబారును. ఒంటిపై సన్నని గుంటలు పడును. అచ్చలు బిళ్ళను ముద్రగా పెట్టి పోసినచో, చల్లారునప్పుడు లోహము కుదించుకొనుట చేత కొలత ఇంచుక తగ్గును. పోతబిళ్ళ యన్నంతనే నకిలీ యని త్రోసివేయుదురు కొందరు. అది తొందరపాటు. దండు బజారులలోని కంచరులు సిపాయీల కొరకు ఇసుక అచ్చులలో పోసినవియు ఉన్నవి; అవియు అచ్చమైనవే. వెనుకనున్న కొక్కెములు గుడ్డకు రాసికొని అరిగినవా లేదా యని చూచుటయే మేలు. ఇంకొక మాట: చింతపండు, బూడిద పెట్టి వానిని తోమకూడదు. తళతళలాడును గాని, చరిత్ర గీతలతో కూడ తొలగిపోవును.

మన పేరుతో ముడిపడిన కథ యొకటి ఇచ్చట చెప్పవలెను. 1756లో క్లైవు బంగాళమునకు పోయినప్పుడు దక్షిణదేశపు సిపాయీలను వెంటగొనిపోయెను. నాటినుండి ఉత్తరదేశమున ఎర్రచొక్కా తొడిగిన ప్రతి కుంపిణీ సిపాయిని, వాని ఊరు ఏదైనను, తిలంగ యని పిలిచిరి. తెలుగువాడు అను మాటయే సిపాయి యను అర్థమున చెల్లినది! 1803 సెప్టెంబరు 23వ తేదీన మహారాష్ట్ర దేశములోని అస్సాయె కడ మరాఠా సైన్యముతో జరిగిన పోరులో పాల్గొన్న మద్రాసు పటాలములకు ఏనుగు గుర్తు నిచ్చిరి. స్వతంత్ర భారత సైన్యములోని మద్రాసు రెజిమెంటు బిళ్ళపై నేటికిని ఆ ఏనుగే యున్నది.

ఈ బిళ్ళలను దాచుట యేమి గౌరవమని నన్నడిగినవారు కలరు. వారి మాటలో బలము లేకపోలేదు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగబడినప్పుడు ఆయనను వేటాడినది కుంపిణీ సైన్యమే. 1847లో కోవెలకుంట్లలో ఆయనను ఉరితీసిరి. ఆనాడు కోవెలకుంట్ల మన కడప జిల్లాలోనిదే. అయినను బిళ్ళ పెట్టుకొనినవాడు దొర కాడు. కరువునకో అప్పునకో ఊరు విడిచిన బీదవాడు. వానిని మరచుటకు నా మనసొప్పదు.

ఒకనాడు ఆ గంపలో 79 అంకె గల బిళ్ళ కనబడెను. దాని కొక్కెమునకు నల్లదారపు ముడి యింకను చిక్కుకొనియున్నది. సైన్యములో నల్లదారము కట్టరు. విచారింపగా, కె.సి. కాలువ ప్రక్కనున్న ఒక పల్లెనుండి ఎవరో కుర్రవాడు చిల్లిబిందెతో కలిపి దానిని అమ్మెనని తెలిసినది. ఆ యిల్లు వెదకికొని పోయితిని. ఎనుబదేండ్లు దాటిన ముసలమ్మ యొకతె అరుగుమీద కూర్చుండియుండెను. బిళ్ళ చూపగానే గుర్తుపట్టి, మనుమని ఒక తిట్టు తిట్టెను.

"మా మామ వాళ్ళ నాయనదయ్యా యిది. పటాలంలోకి పోయినాయన మళ్ళీ రాలేదంట. పిల్లోళ్ళకు బాలగ్రహం తగలకుండా మొలతాడుకు కడ్తావుంటిమి" అని చెప్పెను. నేను ఆయన పేరడిగితిని. ఆమె చాలసేపు ఆలోచించెను. ఇంటిలో అందరును పటాలం తాత యనియే అనుచుండిరట. ఆ పేరు చెప్పగలవారందరును వెళ్ళిపోయిరి. తుదకు ఆమెయే నన్ను ప్రశ్నించెను: "దీని మీద ఆయన పేరుండాదా, అయ్యవారూ?"

లేదు. యుద్ధ పతకములైనచో అంచున సిపాయి పేరు చెక్కియుండును. బిళ్ళకు పటాలము పేరే గాని మనిషి పేరుండదు. రాతికట్టడములందును ఇట్లే జరిగినది. ఇరాకులోని బస్రాలో 1929లో ఆవిష్కరించిన యుద్ధస్మారకముపై భారతీయ అధికారుల పేర్లు చెక్కి, సామాన్య సిపాయీలను ఇంతమంది యని లెక్కగా వ్రాసి విడిచిరి. ఇట్టి వివక్షకు ఆ సమాధులను పోషించు సంఘము 2021లో క్షమాపణ కోరెను.

ఇదంతయు ఆమెకు చెప్పలేదు. "పేరు లేదమ్మా, అంకె యున్నది" అని, ఆ అంకె కథ చెప్పితిని. "అట్లయితే మా మామ పుట్టేనాటికి ఆయన పటాలంలోనే ఉండుంటాడా?" అని ఆమె యడిగెను. మామ వయస్సు లెక్కవేసి, ఉండవచ్చునంటిని. ఆమె ముఖము వికసించెను. ఇల్లు విడిచి ఎటో పారిపోయినాడని ఊరిలో అన్నవారుండిరట.

అంగడిలో నేనిచ్చిన డబ్బును తిరిగి యిప్పింతునని ఆమె పట్టుబట్టినది; నేను పుచ్చుకొనలేదు. మనుమడు తన నోటుపుస్తకములోని కాగితము చించి తెచ్చెను. "79వ కర్ణాటిక్ కాల్బలము, 1903 – 1922" అని పెద్ద అక్షరములతో వ్రాసియిచ్చితిని. ఆమె దానిని నాలుగు మడతలు పెట్టి బియ్యపు డబ్బాలో దాచెను. నేను గడప దాటునప్పటికి బిళ్ళకు క్రొత్త నల్లదారము ఎక్కించుచుండెను.