ఆలస్యం ఎవరిది?

మేం ముగ్గురం. మన్యం హాస్టళ్లలో చదువుకుని, నగరంలో సైకాలజీ ఎం.ఏ.లో కలిశాం. ఇంట్లో కోయ, బడిలో తెలుగు. ఈ రెండు భాషల మాటలు విన్నప్పుడు మన విద్యార్థుల మెదడు ఎలా స్పందిస్తుందో చూడాలనుకున్నాం. వాక్యంలో పొసగని మాట వస్తే సుమారు 400 మిల్లీసెకన్లకు మెదడు తరంగంలో ఒక మార్పు కనిపిస్తుందని 1980లో అమెరికాలో కుటాస్, హిల్‌యార్డ్ చూపించారు. మా ప్రయోగానికి అదే ఆధారం. కోయలో ఏర్ అంటే నీళ్లు. నీళ్ల బొమ్మ చూపి 'ఏర్' అని వినిపిస్తే సరే. కుక్క బొమ్మ చూపి 'ఏర్' అంటే పొసగదు.

తలకు ఈఈజీ టోపీ పెడతాం. సైకోపై అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మాట వినిపిస్తూ, అదే క్షణంలో తరంగాలు రాసే యంత్రానికి ఒక అంకె పంపుతుంది. అదే ట్రిగ్గర్. ఆ గుర్తు పడకపోతే ఏ తరంగం ఏ మాటకు వచ్చిందో తెలియదు.

మొదటిరోజు చాలా గుర్తులు పడనే లేదు. తీగలు మార్చాం, కంప్యూటర్ మార్చాం. తప్పు మా ప్రోగ్రాంలోనే ఉంది. పారలల్ పోర్టు నుంచి అంకె పంపాక మళ్లీ సున్నాకు దించాలి. మేం దించలేదు. ఒకే అంకె వెంటనే మళ్లీ వస్తే యంత్రానికి తేడా తెలియదు. తలుపు మీద చెయ్యి తియ్యకుండా రెండోసారి తట్టడం ఎలా?

అది సరిచేశాక అసలు కష్టం వచ్చింది. తెలుగు మాటల కంటే కోయ మాటలకు తరంగం ఆలస్యంగా లేస్తోంది. "సొంత భాషకే మీవాళ్లు ఇంత నెమ్మదా?" అన్నారొకరు. చిన్నప్పుడు క్లాసులో విన్న మాటే ఇప్పుడు గ్రాఫై ఎదురుగా నిలబడింది. నిజం చెప్పాలంటే రెండు రోజులు మేమూ నమ్మాం.

మూడోరోజు మనిషి లేకుండా పరీక్ష పెట్టాం. హెడ్‌ఫోన్‌కు వెళ్లే శబ్దాన్నే యంత్రంలో ఖాళీగా ఉన్న చానల్‌కు కలిపాం. ట్రిగ్గర్, శబ్దం ఒకే తెరమీద కనిపించాయి. తెలుగు మాట గుర్తు వెంటనే మొదలైంది. కోయ మాట ముందు మాత్రం కాస్త నిశ్శబ్దం. అప్పుడు గుర్తొచ్చింది. ఊళ్లో రికార్డు చేసినప్పుడు బటన్ నొక్కి, అవ్వకు చేత్తో సైగ చేసేవాళ్లం. ఆమె ఊపిరి పీల్చుకుని 'ఏర్' అనేది. తెలుగు ఫైళ్లకు ముందున్న ఖాళీని కత్తిరించాం, అవ్వ ఫైళ్లను అలాగే వదిలేశాం.

ఒక్కో ఫైలు ముందున్న నిశ్శబ్దాన్ని కొలిచి, గుర్తులను అంతమేర తర్వాతకు జరిపాం. ఎవరినీ మళ్లీ పిలవాల్సిన పని పడలేదు. ఆలస్యం పోయింది. అది మనవాళ్లది కాదు, మాది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ల్యాబులో అడుగుపెడితే ముందు మనిషి లేకుండా యంత్రాన్ని పరీక్షించండి. ఉపాధ్యాయులకు ఒక మనవి. పిల్ల జవాబు ఆలస్యమైతే, మీ ప్రశ్న ఆమెకు ఎప్పుడు చేరిందో కూడా ఒకసారి చూడండి.